బడిలో యూనిఫాం ఎంతవరకు తప్పనిసరి చేయాలి? గోదావరి డెల్టా పాఠశాలలకు ఒక పోలిక, ఒక సలహా

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో యూనిఫాం మాట వచ్చిన ప్రతిసారీ రెండే వాదనలు వినబడతాయి. యూనిఫాం లేకపోతే బడికి క్రమశిక్షణ ఉండదని కొందరు అంటారు, కూలి చేసుకునే ఇంటి మీద అది మరో బరువని మరికొందరు అంటారు. కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత మా ఊరి కమిటీలోనూ కూర్చున్నవాడిగా నాకు తోచినది ఏమిటంటే, ఈ వాదనల మధ్య రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. యూనిఫాం ఉండాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఉన్న నియమాన్ని ఎవరి చేత, ఏ విధంగా పాటింపజేయాలన్నది మరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఉండాలనే నా సమాధానం. రెండో ప్రశ్నకు మాత్రం, నియమాన్ని ఎంత గట్టిగా అమలు చేసినా ఆ గట్టితనం పెద్దల మీద, అంటే తల్లిదండ్రులు, బడి, ప్రభుత్వం మీదనే ఉండాలి తప్ప పిల్లవాడి మీద పడకూడదన్నది నా సమాధానం. కింది పోలిక అంతా ఈ దృష్టితో రాసినదే.

ముందున్న నాలుగు దారులు

మొదటిది నిండు యూనిఫాం. చొక్కా, ప్యాంటు లేదా చుడీదారు, టై, బెల్టు, నల్ల బూట్లు, సాక్సులు, ఐడీ కార్డు, వారంలో ఒకటి రెండు రోజులకు విడిగా తెల్ల యూనిఫాం, కొన్ని చోట్ల ఆటల రోజుకు రంగు టీషర్టు ఇందులో ఉంటాయి. ఒక్కటి తగ్గినా గేటు దగ్గర ప్రశ్నిస్తారు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకు, అమలాపురం వంటి పట్టణాల్లోని ప్రైవేటు పాఠశాలలు ఎక్కువగా ఈ దారిలో నడుస్తున్నాయి.

రెండోది సాదా యూనిఫాం. పైబట్ట ఒక రంగు, కిందిబట్ట ఒక రంగు, అంతే. మిగిలినవి ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే అడగరు. మూడోది దుస్తుల నియమావళి. ఇందులో యూనిఫాం ఉండదు గాని హద్దులు ఉంటాయి: లేత రంగు చొక్కా, ముదురు రంగు ప్యాంటు, ఎక్కడ కొన్నా ఫరవాలేదు, రాతలూ బొమ్మలూ ఉన్నవి వద్దు అన్నట్టు. నాలుగోది ఏ నియమమూ లేకపోవడం.

నాలుగో దారిని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన ప్రాంతానికి అది నప్పదని నేను గట్టిగా నమ్ముతున్నాను. డెల్టా బడుల్లో రొయ్యల చెరువుల యజమాని కొడుకూ, అదే చెరువు గట్టున రాత్రి కాపలా ఉండే మనిషి కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇతర దేశాల్లో ఉన్నవారు పంపిన బట్టలు వేసుకొనే పిల్ల పక్కన, సంవత్సరానికి ఒక్కసారి సంక్రాంతికి మాత్రమే కొత్త గౌను చూసే పిల్ల కూర్చుంటుంది. పుట్టినరోజు నాడు రంగు బట్టలు వేసుకుని చాక్లెట్లు పంచే పిల్లను మిగతావాళ్లు చూసే చూపును గమనించిన ఏ ఉపాధ్యాయుడికైనా, ఆ తేడా ఏడాది పొడుగునా రోజూ కనబడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

యూనిఫాం వల్ల మరో మేలు కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (మనుషులను దాటించే పెద్ద పడవ) మీద గాని, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్లే రేవులో గాని యూనిఫాంలో ఉన్న పిల్లవాడు తప్పిపోతే, బడి వేళలో రేవు దగ్గర ఒంటరిగా కనబడితే, ఎవరో ఒకరు పలకరిస్తారు. బడి సమయంలో కొబ్బరి పీచు షెడ్డు దగ్గర యూనిఫాం చొక్కా కనబడితే ఊళ్లో ఎవరైనా ఆగి అడుగుతారు. ఈ రక్షణ చొక్కా రంగు వల్ల వస్తుంది. టై వల్ల, బెల్టు వల్ల రాదు.

క్రమశిక్షణ, మార్కుల సంగతి

యూనిఫాం వేస్తే మార్కులు పెరుగుతాయని, అల్లరి తగ్గుతుందని చెప్పే మాటకు ఆధారం బలహీనం. అమెరికాలోని లాంగ్ బీచ్ నగర పాఠశాలలు 1994లో ఎనిమిదో తరగతి వరకు యూనిఫాం తప్పనిసరి చేసి, తరువాత బడుల్లో నేరాలు తగ్గాయని ప్రకటించాయి. దాన్ని చూసి అనేక నగరాలు అదే బాట పట్టాయి. కాని 1998లో డేవిడ్ బ్రన్స్‌మా, కెర్రీ ఆన్ రాక్‌మోర్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ దేశపు విద్యార్థుల సమాచారాన్ని పరిశీలించి, హాజరులో గాని ప్రవర్తనలో గాని యూనిఫాం వల్ల చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదని తేల్చారు. ఇంగ్లాండులో బోధనా పద్ధతుల ఫలితాలను బేరీజు వేసే సంస్థ కూడా యూనిఫాం ఒక్కదాని వల్లనే చదువు మెరుగుపడుతుందనడానికి ఆధారాలు చాలా తక్కువని చెబుతుంది.

దీనికి భిన్నంగా కెన్యా నుంచి వచ్చిన ఫలితాలు మనకు ఎక్కువ పనికి వస్తాయి. అక్కడి గ్రామీణ పాఠశాలల్లో పిల్లలకు యూనిఫాం ఉచితంగా ఇచ్చి చూసినప్పుడు బడికి రాకపోవడం తగ్గింది. ఎస్తర్ డఫ్లో, పాస్కలీన్ దుపా, మైకేల్ క్రేమర్ చేసిన అధ్యయనంలో బడి మానేసేవారి సంఖ్య కూడా తగ్గింది, ఆడపిల్లలు చిన్న వయసులో గర్భవతులు కావడం కూడా తగ్గింది. అంటే మేలు జరిగింది యూనిఫాం చేతికి ఇవ్వడం వల్ల. లేనివాడిని వెనక్కు పంపడం వల్ల మేలు జరిగిందని ఈ ఫలితాలేవీ చెప్పడం లేదు.

ఖర్చును ఎలా లెక్క వేయాలి

ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఈ విషయంలో కొంత ఊరట ఉంది. సమగ్ర శిక్ష పథకం కింద ఎనిమిదో తరగతి వరకు ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల మగపిల్లలకూ ఏడాదికి రెండు జతల కోసం ఒక్కొక్కరికి 600 రూపాయల వరకు కేటాయింపు ఉంది. రాష్ట్రంలో 2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుక కింద ఒకటి నుంచి పదో తరగతి వరకు మూడు జతల బట్ట, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి, పుస్తకాలు ఇచ్చారు. ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కిట్లు ఇస్తున్నారు. బట్ట ఉచితమైనా కుట్టు కూలి ఇంటికే మిగులుతుంది. దానికోసం ప్రభుత్వం ఇచ్చే మొత్తానికీ, మన ఊళ్లలో టైలరు అడిగే మొత్తానికీ మధ్య ఉన్న తేడాను ప్రతి తల్లీ తన చేతి నుంచి పెట్టుకుంటోంది. కమిటీలు యూనిఫాం గురించి తీర్మానం చేసే ముందు ఊళ్లో ముగ్గురు టైలర్లను అడిగి ఈ తేడా ఎంతో కాగితం మీద రాసుకోవాలి. అది రాయకుండా చేసిన తీర్మానం ఎంత మంచిదైనా సగమే.

ప్రైవేటు బడిలో చేర్చే తల్లిదండ్రులు ఫీజుల పట్టిక చూసినంత శ్రద్ధగా యూనిఫాం పట్టికను చూడరు. ఒక పిల్లవాడికి రోజువారీ యూనిఫాం మూడు జతలు, తెల్ల యూనిఫాం రెండు జతలు, ఆటల దుస్తులు ఒక జత, నల్ల బూట్లు, తెల్ల బూట్లు, రెండు రకాల సాక్సులు, టై, బెల్టు అని రాసి పక్కన ధరలు వేసుకుంటే, ఇద్దరు పిల్లలున్న ఇంటికి జూన్ నెల ఎంత బరువో తెలుస్తుంది. అందులో ఎన్ని వస్తువులను బయట బజారులో కొనుక్కోవచ్చు, ఎన్నింటిని బడి చెప్పిన ఒకే దుకాణంలో కొనాలి అన్నది తరువాత చూడాలి. జేబు మీద బడి ముద్ర కుట్టి ఉన్న చొక్కా ఆ ఒక్క దుకాణంలోనే దొరుకుతుంది. ముద్రను విడిగా ఇచ్చి కుట్టించుకోమంటే అదే రంగు బట్ట పాలకొల్లులోనో రావులపాలెంలోనో ఏ కొట్లోనైనా కొనవచ్చు. సీబీఎస్‌ఈ 2017లోనే తన పాఠశాలలు పుస్తకాలు, యూనిఫాంల వ్యాపారం చేయరాదని ఆదేశించింది. ఇంగ్లాండు 2021లో ఏకంగా యూనిఫాం ఖర్చుల మీదనే ఒక చట్టం చేసి, బడి ముద్ర ఉన్న వస్తువులను వీలైనంత తగ్గించాలని పాఠశాలలకు చెప్పింది. మన కమిటీలు ఈ ఒక్క నిబంధనను అరువు తెచ్చుకున్నా చాలు.

రంగులు తరచుగా మార్చడం మరో దుర్వ్యయం. అన్న చొక్కా తమ్ముడికి, అక్క కోటు చెల్లెలికి వచ్చే ఇళ్లలో, రంగు మారిన సంవత్సరం ఆ వరస తెగిపోతుంది. ఒకసారి నిర్ణయించిన రంగును కనీసం ఐదేళ్లు మార్చబోమని తీర్మానంలోనే రాయాలి. ఏడు నుంచి తొమ్మిదో తరగతి మధ్య పిల్లలు ఆరునెలల్లోనే పొడవు పెరిగిపోతారు కాబట్టి ప్యాంటు కాళ్ల దగ్గర, చుడీదారు కింద మూడంగుళాల మడత వదిలి కుట్టమని టైలరుకు చెప్పాలి. మా అమ్మ నా నిక్కర్లకు అలాగే మడత వదిలించేది. మడత విప్పిన చోట పాత రంగు గీత కనబడేది గాని, ఆ గీత చూసి మా మేస్టార్లెవరూ ఒక్క మాట అనలేదు.

డెల్టా వాతావరణానికి ఏది తగును

ఈ విభాగం మీద నేను కాస్త ఎక్కువ సేపు నిలవదలచుకున్నాను, ఎందుకంటే మన బడుల యూనిఫాంలలో చాలా వాటిని ఎక్కడో చలి ఉన్న ప్రాంతం చూసి తయారు చేసినట్టు ఉంటాయి. జూన్ రెండో వారంలో బడులు తెరిచే నాటికి రోహిణీ కార్తె ఎండ ఇంకా తగ్గదు, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఆ వేళ మెడకు టై, కాళ్లకు నైలాన్ సాక్సులు, మందపు పాలియెస్టరు ప్యాంటు వేసి నలభై యాభై మందిని రేకుల కప్పు కింద కూర్చోబెట్టడం క్రమశిక్షణ కాదు, హింస. టై విషయంలో నాకు రెండో ఆలోచన లేదు: డెల్టాలో ఏ బడికీ టై అక్కర లేదు.

జూలై వచ్చేసరికి సమస్య తిరగబడుతుంది. ముసురు పట్టిన వారంలో ఉతికిన చొక్కా రెండు రోజులైనా ఆరదు. రెండు జతలే ఉన్న పిల్లవాడు మూడో రోజున తడి చొక్కాతోనైనా రావాలి, రంగు చొక్కాతోనైనా రావాలి, లేకపోతే ఇంట్లో ఉండిపోవాలి. ఒకసారి ఒక తల్లి బడి గుమ్మంలో నిలబడి, "రెండు జతలూ దండెం మీదే ఉన్నాయండి మేడం గారూ, పొయ్యి దగ్గర పెట్టినా ఆరలేదండి, ఇవాళ్టికి రానివ్వండి" అని ప్రధానోపాధ్యాయురాలిని బతిమాలుకోవడం నేను పక్కనే నిలబడి విన్నాను. ఒక మనిషి అలా బతిమాలవలసి వచ్చిందంటే తప్పు నియమంలోనే ఉంది.

లంక గ్రామాల సంగతి ఇంకా వేరు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఉన్న లంకల పిల్లలు వరద రోజుల్లో నడుము లోతు నీళ్లు దాటి, నాటు పడవ ఎక్కి వస్తారు. 1986 ఆగస్టులోనూ, మళ్లీ 2022 జూలైలోనూ ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీరు వచ్చినప్పుడు ఇళ్లలో బట్టలే మిగలని కుటుంబాలు ఉన్నాయి. కాబట్టి సడలింపును ప్రధానోపాధ్యాయుల దయకు వదిలిపెట్టకుండా నియమంలోనే రాయవచ్చు: ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజు నుంచి, ఆ హెచ్చరిక తీసివేసిన తరువాత పది రోజుల వరకు, యూనిఫాం గురించి ఎవరినీ అడగకూడదు. ఈ అంకె డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, రేడియోలోనూ టీవీలోనూ చెబుతారు, దానిమీద వాదనకు చోటుండదు.

రంగు ఎంపికలో తెలుపును వదిలేయమని నా సలహా. సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. కొన్ని ఊళ్లలో నీటిలోని ఇనుము వల్ల తెల్ల చొక్కా నెలరోజుల్లో తుప్పు రంగుకు తిరుగుతుంది. తల్లి ఎంత ఉతికినా మురికి బట్టగానే కనబడే చొక్కాను ఎంచుకుని, ఆ తరువాత శుభ్రత గురించి పిల్లవాడిని మందలించడం అన్యాయం. లేత నీలం, బూడిద, చిన్న గళ్ల బట్ట అయితే ఈ ఇబ్బంది చాలా వరకు తీరుతుంది. బట్టలో పూర్తి నూలు ఒంటికి హాయిగా ఉంటుంది గాని ఆలస్యంగా ఆరుతుంది, ఇస్త్రీ లేకపోతే నలుగుతుంది. పూర్తి పాలియెస్టరు త్వరగా ఆరుతుంది గాని చెమటను పీల్చదు. చొక్కాకు నూలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం, ప్యాంటుకు పాలియెస్టరు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం నా అనుభవంలో మన ప్రాంతానికి సరిపోయాయి. బండారులంక, పులుగుర్త మగ్గాల పక్కనే ఉన్న బడులు వారానికి ఒక రోజు చేనేత చొక్కాకు అవకాశం ఇస్తే నేను సంతోషిస్తాను, అయితే దాన్ని మరో తప్పనిసరి యూనిఫాంగా మార్చనంత వరకే.

బూట్లు కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలంలో ఒండ్రు బురదలో నడిచి వచ్చి, తడిసిన బూట్లతో సాయంత్రం దాకా కూర్చున్న పిల్లల కాలి వేళ్ల సందులు నాని, ఒరిసి పుండ్లు పడతాయి. జూలై నుంచి నవంబరు వరకు చెప్పులకు అనుమతి ఉండాలి.

ఆడపిల్లల యూనిఫాం

ఆడపిల్లల దుస్తుల గురించి మాట్లాడేటప్పుడు కమిటీలోని మగవాళ్లు నియమాలు చేసి ఆడవాళ్లు తలలు ఊపడం నేను చూశాను. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఈ ఒక్క అంశం మీదనైనా ముందుగా తల్లుల చేత మాట్లాడించాలి. మాట్లాడించినప్పుడు బయటపడే మొదటి విషయం లేత రంగు కిందిబట్ట. ఏడో తరగతి దాటిన పిల్లలు నెలలో ఆ నాలుగు రోజులు మరక భయంతో బడి మానుకుంటున్నారంటే, అందుకు తెల్ల లేదా గోధుమ రంగు ప్యాంటు కూడా ఒక కారణం. ముదురు నీలమో, నలుపో, ముదురు ఆకుపచ్చో ఎంచుకుంటే అదనపు ఖర్చు ఒక్క పైసా కూడా ఉండదు.

కాలువ గట్ల మీద సైకిలు తొక్కుతూ వచ్చే పిల్లలకు స్కర్టు ఇబ్బంది. కేరళలోని బాలుస్సేరి ప్రభుత్వ హయ్యర్ సెకండరీ పాఠశాలలో 2021 డిసెంబరులో ఆడపిల్లలకు చొక్కా, ప్యాంటు యూనిఫాం ప్రవేశపెట్టినప్పుడు దేశమంతా చర్చ జరిగింది, వ్యతిరేకత కూడా వచ్చింది. మన బడుల్లో చుడీదారు, దానిపై కోటు ఇప్పటికే అలవాటయ్యాయి కాబట్టి, అదే రంగులో చొక్కా ప్యాంటు కావాలన్న పిల్లకు అవకాశం ఇస్తూ, వద్దన్న పిల్లను బలవంతపెట్టకుండా ఉండడం నాకు సముచితంగా తోస్తోంది.

రెండు జడలు, ఎర్ర రిబ్బను, పూలు వద్దు, గాజులు వద్దు, బొట్టు చిన్నదే అన్న నియమాల పట్టికలో చదువుకు సంబంధించినది ఏదీ నాకు కనబడదు. ప్రయోగశాలలో జుట్టు ముడి వేసుకోవాలి, ఆటల గంటలో గాజు గాజులు తీసేయాలి; ఈ రెండింటికీ భద్రత అనే కారణం ఉంది. మగపిల్లల దృష్టి మళ్లుతుందని ఆడపిల్ల బట్టను కొలిచే నియమానికి మాత్రం నేను ఏ కమిటీలోనూ చేయి ఎత్తను. దృష్టి మళ్లినవాడికి చెప్పవలసిన మాటను ఆ పిల్లకు చెప్పడం ఏ విధంగానూ న్యాయం కాదు.

దీక్షలు, మత విశ్వాసాలు

కార్తీకం నుంచి సంక్రాంతి వరకు అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్ల బట్టలతో, చెప్పులు లేకుండా బడికి వస్తారు. దసరా తరువాత భవానీ దీక్షలో ఎర్ర బట్టలతో వచ్చేవారు ఉంటారు. ముస్లిం ఆడపిల్లలు కొందరు తలకు గుడ్డ కట్టుకుంటారు. సాధారణంగా మన బడులు వీటిని మాటామంతీతో సర్దుకుపోతాయి, అది మంచి అలవాటు. కాని రాతపూర్వకమైన నియమం లేనప్పుడు ఒక ప్రధానోపాధ్యాయుడు అనుమతించినదాన్ని తరువాత వచ్చినవారు కాదంటారు, వివాదం అక్కడ మొదలవుతుంది.

చట్టం ఎక్కడ ఉందో కమిటీ సభ్యులకు తెలిసి ఉండాలి. తరగతి గదుల్లో హిజాబ్‌కు (ముస్లిం ఆడపిల్లల తలగుడ్డకు) చోటివ్వని కర్ణాటక ప్రభుత్వ యూనిఫాం ఉత్తర్వును ఆ రాష్ట్ర హైకోర్టు 2022 మార్చి 15న సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఉత్తర్వును సమర్థించగా, జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని కొట్టివేసి, ఆ పిల్లల చదువు ఏమవుతుందన్నదే తన మనసులో ముందున్న ప్రశ్న అన్నారు. అందువల్ల విషయాన్ని విస్తృత ధర్మాసనం ముందుంచవలసి వచ్చింది. న్యాయస్థానాలే ఒక్క మాట మీదకు రాని చోట ఒక గ్రామ పాఠశాల తీర్పరి పాత్ర వేయడం వివేకం కాదు. యూనిఫాం రంగులోనే తలగుడ్డ, మండల దీక్ష 41 రోజులకు దీక్షా వస్త్రం, శిలువ గొలుసు, రాఖీ, కంకణం వీటన్నింటికీ ఒకే వాక్యంలో, అన్ని మతాలకూ సమానంగా వర్తించే మినహాయింపు రాయాలి. ఒక మతానికి ఇచ్చి మరొకదానికి నిరాకరించే మినహాయింపు కంటే ఏదీ ఇవ్వకపోవడమే నయమని కొందరు అంటారు. అందరికీ ఇవ్వడం ఆ రెండింటికంటే మేలని నేనంటాను.

అమలు ఎలా ఉండాలి

చాలా సంవత్సరాల క్రితం నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో, ముసురు వారంలో యూనిఫాం లేకుండా వచ్చిన పన్నెండు మందిని ప్రార్థన తరువాత వరండాలో నిలబెట్టేవారు. మొదటి పీరియడు అయ్యేదాకా వాళ్లు అక్కడే ఉండేవారు. అందులో ఒక లంక గ్రామం నుంచి వచ్చే ఎనిమిదో తరగతి కుర్రవాడు ఉండేవాడు, లెక్కల్లో చురుకైనవాడు. ఆ మొదటి పీరియడు నాదే, లెక్కలదే. నేను లోపల బీజగణితం చెబుతూ ఉంటే అతడు కిటికీలోంచి బోర్డు వైపు చూస్తూ నిలబడేవాడు. నాలుగు రోజుల తరువాత రావడం మానేశాడు. వాకబు చేస్తే చెరువు మీద మేత వేసే పనిలో చేరాడని తెలిసింది. ఆ వారంలో ఒక్క రోజైనా నేను తలుపు తీసి అతణ్ణి లోపలికి పిలిచి ఉండవలసింది. పిలవలేదు. యూనిఫాం అమలు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం అదే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని 17వ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. 16వ సెక్షను ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసివేయరాదంటుంది. చొక్కా రంగు కోసం ఎండలో నిలబెట్టడం, తరగతి ముందు పేరు చదివి నవ్వించడం ఈ నిషేధం కిందకు వస్తాయి. కాబట్టి కఠినమైన అమలును ఎంచుకోవాలనుకునే బడికి కూడా పిల్లవాడిని శిక్షించే దారి చట్టరీత్యా మూసుకుపోయింది.

మిగిలిన దారి ఇది. యూనిఫాం లేకుండా వచ్చిన పిల్లవాడిని మొదటి రోజు ఎవరూ ఏమీ అనకూడదు. వారంలో మూడోసారి అయితే క్లాసు టీచరు విడిగా, ఇతర పిల్లలు వినకుండా కారణం అడిగి, తల్లికి ఫోను చేయాలి. జత లేకపోవడమే కారణమైతే బడి ఇవ్వాలి. ఇందుకోసం ప్రతి బడిలోనూ ఒక బట్టల బీరువా ఉండాలన్నది నా ప్రధానమైన సలహా. పదో తరగతి ముగించి వెళ్లేవారి దగ్గర, పొడవు పెరిగినవారి దగ్గర మంచి స్థితిలో ఉన్న జతలు తీసుకుని, ఉతికించి, కొలతల ప్రకారం సర్ది ఉంచితే, తడిసి వచ్చిన పిల్లవాడు అయిదు నిమిషాల్లో పొడి చొక్కాతో తరగతిలో కూర్చుంటాడు. పూర్వ విద్యార్థులు బడికి గేట్లు, జెండా స్తంభాలు కట్టించడం మన ప్రాంతంలో ఆనవాయితీ; ఆ సొమ్ములో కొంత ఈ బీరువాకు అడగవచ్చు. ఏ పరిస్థితిలోనూ యూనిఫాం లేదని తరగతి, పరీక్ష, మధ్యాహ్న భోజనం, గ్రూపు ఫోటో, వేదిక మీది బహుమతి ఆపకూడదని తీర్మానంలో విడిగా రాయాలి.

ఏ బడికి ఏది

ఒకటి నుంచి ఐదో తరగతి వరకున్న బడులు సాదా యూనిఫాం పెట్టుకుని, అమలు అనే మాటే ఎత్తకుండా ఉండాలి. ఆ వయసులో బట్ట సంగతి పూర్తిగా ఇంటి పెద్దలదే. జిల్లా పరిషత్, ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలకు పైన చెప్పిన సడలింపులూ బట్టల బీరువా పద్ధతీ కలిపిన సాదా యూనిఫాం తగినది. ప్రైవేటు పాఠశాలలు నిండు యూనిఫాం నుంచి టై, తెల్ల జత, రెండో రకం బూట్లు తీసివేస్తే వాటి గౌరవానికి ఏ లోటూ రాదు. తల్లిదండ్రులు కలిసి అడిగితే ఒప్పుకున్న యాజమాన్యాలను నేను ఎరుగుదును. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులు పేద పిల్లలకు ఇవ్వవలసిన ఇరవై అయిదు శాతం కోటాలో చేరిన పిల్లలకు యూనిఫాం ఖర్చు ఎవరు భరిస్తారో చేరిన రోజే కాగితం మీద అడగాలి. జూనియరు కళాశాలల్లో యూనిఫాం కంటే దుస్తుల నియమావళి మేలు. పదహారు, పదిహేడేళ్ల వాళ్లు తామే పాల్గొని రాసుకున్న నాలుగు వాక్యాల నియమం, పెద్దలు రాసిన నాలుగు పేజీల కంటే ఎక్కువగా నిలబడుతుంది. గురుకులాల్లో యూనిఫాం ఎటూ ఉంటుంది, అక్కడ అడగవలసినది బట్టలు ఉతికి ఆరవేసే ఏర్పాటు గురించి.

ఏ దారి ఎంచుకున్నా నిర్ణయం ఫిబ్రవరి లోపల జరగాలి. ఏప్రిల్, మే నెలల్లో ముహూర్తాలు మొదలైతే మన టైలర్లు పెళ్లి జాకెట్లలో మునిగిపోతారు, బడి చొక్కాలు జూలైకి గాని చేతికి రావు. మార్చిలో వార్షిక పరీక్షలకు ముందే కొలతలు తీసి, ఊళ్లోని డ్వాక్రా మహిళల్లో కుట్టు నేర్చినవారికి పని పంచితే కూలి ఊళ్లోనే ఉంటుంది, బడి తెరిచేనాటికి జతలు సిద్ధమవుతాయి. అప్పటికీ అందనివారు ఉంటారు కాబట్టి జూలై నెలాఖరు వరకు యూనిఫాం లేనివారి పేర్లు రాసే పుస్తకంలో ఎవరి పేరూ రాయకూడదు. ఆగస్టు మొదటి సోమవారం నాడు కమిటీ కూర్చుని, ఎవరికి ఇంకా జత లేదో చూసి, వారి కొలతలు టైలరుకు పంపాలి.